పొద్దున్నే వేయాల్సిన రూటు

మా ముత్తాతగారి తండ్రి పదకొండు ఊళ్ళకు మణియకారులు, అంటే గ్రామాధికారి. తాలూకా కచేరీ నుంచి ఎవరొచ్చినా గుర్రం దిగి మొదట మా అరుగు మీదే కూర్చునేవారని, ఇక్కడ దాహం తీరాకే ఊళ్ళో పని మొదలయ్యేదని ఇంట్లో చెప్పుకునేవారు. ముత్తాతగారు కయత్తారు వైపు నల్లరేగడిలో, గట్టు మీద నిలబడి ఎటు చూసినా తమ పత్తే కనిపించేంత సేద్యం చేశారు. తాతగారు కోవిల్‌పట్టిలో పత్తి గింజ తీసే జిన్నింగు షెడ్డు పెట్టారు. దాని కూత విని టౌనులో సగం మంది నిద్ర లేచేవారు. నాన్నగారి కాలానికి షెడ్డు పోయింది, మాట మిగిలింది. అన్నదమ్ముల తగువు కోర్టుకు పోయే ముందు ఒకసారి మా వసారాలో ఆగేది.

నేను ఒక పప్పుధాన్యాల వ్యాపారసంస్థలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. పదహారేళ్ళు చూసుకున్నాను. హెడ్డాఫీసు విరుదునగర్‌లో, గోడౌను కోవిల్‌పట్టిలో. నాకు గోడౌనులో ఒక గది ఇచ్చారు. తాతగారి షెడ్డు ఉన్న చోట ఇప్పుడు కల్యాణ మండపం ఉంది. గోడౌనుకు నడిచి వెళ్ళేటప్పుడు ఆ వీధి తప్పించి పక్క వీధిలో పోయేవాణ్ణి. నాలుగు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

మా ఇంటి మగవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చోరు. కుర్చీకి వీపు ఉన్నా దానికి మా వీపు తగలకూడదు. చిన్నప్పుడు మరిచిపోయి ఆనుకుంటే తాతగారు ఏమీ అనేవారు కాదు, మాట్లాడటం ఆపి నా వైపు చూసేవారు. యాభై దాటాక నడుము నొప్పికి తిరునెల్వేలిలో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన అటూ ఇటూ నొక్కి చూసి, "మీరు కూర్చున్నప్పుడు వెనక్కి ఆనుకోరా?" అని అడిగారు. ఆనుకోనన్నాను. "ఆనుకోండి" అన్నారు. అది ఆయన చెప్పినంత తేలిక కాదు.

మేం ఇంట్లో మాట్లాడేది తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు చదవడం, రాయడం మా ఇంట్లో నాతో ఆఖరు. తాతగారు పట్టుబట్టి నేర్పించారు. పాత కాగితాలన్నీ తెలుగులోనే ఉన్నాయి, ఒకరోజు నీకు పనికొస్తాయి అనేవారు. నాకు పనికొచ్చే కాగితం మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ సంగతి ఇక్కడే చెప్పాలి. మా భూముల వెనక ఇరవై కుటుంబాల పొలాలు ఉండేవి. వాటిలోకి బండి పోవాలంటే మా చేలో నుంచే పోవాలి. ఏటా తమిళుల పురటాసి నెల చివర, మొదటి వాన పడి విత్తనానికి అదును కుదిరే వేళ, ఆ రైతులంతా వచ్చి మా వసారా మెట్ల కింద నిలబడేవారు. వాళ్ళలో పెద్దాయన "అయ్యా, బండిదారి" అనేవాడు. తాతగారు "పోండి" అనేవారు. అంతే. ఆ ఒక్క మాట మీద ఆ ఏడాదంతా బండ్లు నడిచేవి. మరుసటి ఏడు మళ్ళీ రావాలి, మళ్ళీ అడగాలి. ఒకసారి సర్వేకు వచ్చిన అధికారి, ఈ దారిని పటంలో గీసేస్తాను, ఏటా ఈ తంతు ఎందుకు అన్నారట. తాతగారు వద్దన్నారు. "గీస్తే వాళ్ళు రారు" అన్నారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు సరిగ్గా ఆ అదునులో తాతగారికి జ్వరం తగిలింది. బండ్లు వచ్చి మా ఇంటి ముందు ఆగాయి. నాన్నగారు ఇంట్లోనే ఉన్నారు, కానీ తాతగారు ఉండగా ఆ మాట నాన్నగారు అనకూడదు. రెండు రోజులు వాళ్ళు ఎడ్లను విప్పి బండ్లకే కట్టేసి, విత్తనం మూటల మీద తాటాకు కప్పి కాచుకున్నారు. సన్నగా వాన పడుతూనే ఉంది. మూడో రోజు తాతగారిని కుర్చీతో సహా మోసుకొచ్చి వసారాలో దించారు. ఒళ్ళు కాలిపోతోంది, అయినా కుర్చీకి ఆనుకోలేదు. "పోండి" అన్నారు. వాళ్ళు దండం పెట్టి పోయారు. అప్పుడు నాకు అది చాలా గొప్పగా కనిపించింది. ఆ ఎడ్లు రెండు రోజులు తడిశాయన్న సంగతి నాకు ఈ మధ్యే గుర్తొచ్చింది.

తరువాత నాన్నగారు రోడ్డు పక్క భూమంతా అమ్మారు. వెనక నాలుగెకరాల చిల్లర మిగిలింది. పత్రం రాసేవాడు కలం ఆపి, "వెనక పొలానికి దారి హక్కు రాయమంటారా?" అని అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. నాన్నగారు, "నిన్నటిదాకా మా భూమి. అందులో నడవడానికి మాకు హక్కు రాసిచ్చేది ఎవరు?" అన్నారు. వాడు రాయలేదు. కొన్నాయన మంచివాడు, అడిగితే కాదనే మనిషి కాదు. మేం అడగలేదు. నాన్నగారు అడగలేదు, ఆయన పోయాక నేనూ అడగలేదు. పదేళ్ళుగా ఆ నాలుగెకరాల్లో సర్కారు తుమ్మ పెరుగుతోంది. బస్సులో పోతూ ఉంటే గాలిమరల కాళ్ళ మధ్య నుంచి ఆ పచ్చదనం కనిపిస్తుంది, అంతే.

అయినా అది మాది. నేనూ నా భార్యా ఒక మాట అనుకున్నాం: నాకు ఉద్యోగం ఉన్నంతకాలం పొలం మాట ఎత్తకూడదు, ఉద్యోగం లేని రోజు వస్తే ఆ రోజు ఎత్తుదాం. కాబట్టి గోడౌనులో నా గది నిలవడమంటే ఆ నాలుగెకరాలు నిలవడమే.

గదిలో లినక్స్ పెట్టిన ఒక కంప్యూటరు ఉండేది. దానికి రెండు నెట్‌వర్క్ కార్డులు. ఒకదానికి మామూలు ఇంటర్నెట్టు, రెండోదానికి విరుదునగర్ హెడ్డాఫీసుకు నేరుగా వెళ్ళే ప్రత్యేకమైన లైను. లారీ కాటా ఎక్కితే బరువు ఈ కంప్యూటరుకు వస్తుంది. ఇది హెడ్డాఫీసును అడిగి చీటీ నంబరు తెచ్చుకుంటుంది. చీటీ బయటికొస్తేనే లారీ కదలాలి. చిక్కేమిటంటే, కంప్యూటరుకు తనంతట తానుగా తెలిసింది ఒకటే. ఎక్కడికి పోవాల్సిందైనా సరే, ఇంటర్నెట్టు వైపు తోసేస్తుంది. హెడ్డాఫీసుకు పోవాల్సినవి రెండో కార్డు మీదుగా పోవాలని దానికి ఎవరో చెప్పాలి. ఆ చెప్పడాన్నే రూటు వేయడం అంటాం. ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ నొక్కితే చాలు. కానీ అలా చెప్పింది మెషిను లేచి ఉన్నంతసేపే గుర్తుంటుంది. కరెంటు పోయి వస్తే మళ్ళీ చెప్పాలి. శాశ్వతంగా ఉండాలంటే ఫైల్లో రాసిపెట్టాలి.

గోనెసంచులకు నిప్పు భయమని గోడౌనులో సాయంత్రం మూసేటప్పుడు మెయిన్ స్విచ్చి దించేసేవారు. అంటే రోజూ పొద్దున్నే రూటు వేయాల్సిందే.

ఆ మెషిను వచ్చిన మొదటి వారం, తరువాత తీరిగ్గా రాద్దాం అనుకున్నాను. ఆరేళ్ళు గడిచాయి. అబద్ధం ఎందుకు, ఆ ఆరేళ్ళలో నాకు ఆ పొద్దుటి వేళ నచ్చింది. తొమ్మిదింటికి కాటా దగ్గర పనిచేసే ఆయన నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడేవాడు. వయసులో నాకంటే పెద్ద. "సార్, లైను" అనేవాడు. వెనక ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని ఆ వరుస టైపు చేసి, ఎంటర్ నొక్కి, తల తిప్పకుండా "పోండి" అనేవాణ్ణి. ఆ మాట ఎవరిదో నాకు అప్పుడు స్ఫురించలేదంటే నమ్మాలి.

పాస్‌వర్డు నా దగ్గరే ఉండేది. ఎవరికీ ఇవ్వలేదు.

విరుదునగర్ ఆఫీసులో కంప్యూటర్లు చూసే ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్న. అరుప్పుకోట్టైలో పవర్‌లూమ్ మగ్గాలున్న ఇంటి ఆడపడుచు. మొదటి ఏడాదంతా ఇద్దరం ఫోనులో తమిళంలోనే మాట్లాడుకున్నాం. ఒకరోజు ఏదో వాదన ముదిరింది. ఆవిడ ఫోను పక్కకు జరిపి, "ఈయనతో యాగలేము రా దేవుడా" అని తనలో తాను తెలుగులో అనుకుంది.

"ఏగాలమ్మా, తప్పదు" అన్నాను నేనూ తెలుగులోనే.

అవతలి నుంచి నవ్వు. "అయ్యయ్యో, మీరు మనోళ్ళా అణ్ణా! ముందే చెప్పి ఉంటే కొంచెం మర్యాదగా తిట్టి ఉంటాను గదా!"

అప్పటి నుంచి పని మాటలు తమిళంలో, తిట్లు తెలుగులో.

నిరుడు ఒక సోమవారం నడుముకు స్కాను తీయించుకోవడానికి తిరునెల్వేలి వెళ్ళాను. పొద్దున వెళ్ళే ముందు గోడౌనుకు పోయి రూటు వేసే వెళ్ళాను. పదింటికి గోడౌనులో కరెంటు పోయింది. మెషిను బ్యాటరీ పాతది, పది నిమిషాలు కూడా ఆగలేదు. కరెంటు వచ్చింది, మెషిను లేచింది, రూటు లేదు. నా ఫోను స్కాను గది బయట బీరువాలో ఉంది. నేను తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర. గోడౌను గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా పదకొండు లారీలు, అన్నిటిలోనూ మినుములు. డ్రైవర్లు లారీల నీడన తువాళ్ళు పరుచుకుని పడుకున్నారు. ఒకడు లేచి నన్ను చూసి పక్కవాడితో, "ఇదిగో, తాళంచెవి నడిచొస్తోంది" అన్నాడు. నేను లోపలికి పోయి ఆ వరుస టైపు చేశాను. ఆ రోజు పోండి అనలేదు.

బుధవారం విరుదునగర్ రమ్మన్నారు. ముదలాళి, అంటే మా యజమాని, నలభై ఏళ్ళ మనిషి. బజారులో నూనె వాసన, మిరప ఘాటు దాటుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన మాట్లాడింది తమిళం. నేను తెలుగులో రాస్తున్నాను.

"అణ్ణాచ్చి, వెన్ను ఎలా ఉంది?"

"అలాగే ఉంది."

"టీ తాగండి. పదకొండు లారీలు, అణ్ణాచ్చి."

"తెలుసు. ఇకమీద జరగదు."

"ఎలా జరగదు? మీరు స్కానుకు పోరా? ఇంట్లో పెళ్ళికి పోరా? మీ మీద కోపం లేదు. ఒక మనిషికి ఒంట్లో బాగాలేకపోతే పదకొండు లారీలు ఎందుకు ఆగాలి, అది చెప్పండి."

నేను టీ గ్లాసు అందుకున్నాను.

"వచ్చే శుక్రవారం పొద్దున నేనే కోవిల్‌పట్టి వస్తాను. మెయిన్ స్విచ్చి నా చేత్తో వేస్తాను. మీరు గది బయట నిలబడాలి. మెషిను తనంతట తాను లేచి చీటీ ఇచ్చిందా, ఆ గది మీది. ఇవ్వలేదా, దాన్ని అక్కణ్ణించి ఎత్తేసి అంతా ఇక్కణ్ణించే నడుపుతాను. న్యాయమేనా?"

న్యాయమే. మా వసారాలో అంతకంటే అన్యాయమైన తీర్పులు చాలా విన్నాను.

మెట్లు దిగుతుంటే విరుదునగర్ ఆవిడ వెనకే వచ్చింది. "అణ్ణా, ఆ పాస్‌వర్డు ఇట్ల ఇచ్చేయండి. ఈడ నుంచే రాసేస్తా. ఐదు నిమిషాల పని."

"వద్దమ్మా. నాకు తెలుసు."

"తెలీదని ఎవురన్నారు? తెలిసి తెలిసి ఆరేండ్లు రాయకుండా ఉండారే, అది దా నాకు మంట. సరి, యాడ రాస్తారు?"

"మెషిను లేవగానే నడిచే ఫైలు ఉంది కదా, అందులో."

"ఆడ వొద్దణ్ణా. అది మెషిను లేచినప్పుడు ఒక్కసారి నడుస్తాది, అంతే. అప్పటికి ఆ రెండో లైను లేచి ఉండాలె గదా? రెండో కార్డు పేరు కింద రాయండి. కార్డు ఎప్పుడు లేస్తే అప్పుడు దాంతోపాటు రూటూ లేస్తాది. ముందా వెనకా అనే రోదన ఉండదు."

"లేస్తుందిలే."

"మా ఇంట్లో పడుగు బిగించకముందే మోటరు వేస్తే మా అమ్మ చెయ్యి నెత్తిన పడేది."

"ఇది మగ్గం కాదమ్మా" అన్నాను.

ఆ మాట నేను అన్న తీరు నాకే తెలిసింది. ఆవిడ చూపు పక్కకు తిప్పుకుంది. "సరి అణ్ణా. రాసినాక మెయిన్ దించి ఒకసారి చూడండి. మెషిను ఒక్కటే రీస్టార్టు చేస్తే చాలదు. అంతా ఆరిపోయి అంతా లేవాల" అని లోపలికి వెళ్ళిపోయింది.

వారం రోజులు ఫైలు తెరవలేదు. పొద్దున్నే వచ్చేవాణ్ణి, గుమ్మంలో కాటా ఆయన, "సార్, లైను", టైపు చేసేవాణ్ణి. ఇంకెన్ని రోజులు అని లెక్కపెట్టుకోలేదు కానీ ఆ వారం కొంచెం నెమ్మదిగా టైపు చేశాను. గురువారం మధ్యాహ్నం కూర్చుని నాకు తెలిసిన చోటే రాశాను, మెషిను లేవగానే నడిచే ఫైల్లో. కీబోర్డు మీద నుంచే రీస్టార్టు చేశాను. లేచింది, రూటు ఉంది. మళ్ళీ చేశాను. ఉంది. ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ ఉంది.

మెయిన్ దించి చూడాలి. ఆ స్విచ్చి కాటా గది గోడకు ఉంది. కాటా మీద లారీ ఉంది, దాని వెనక ఇంకో రెండు. దించాలంటే నేను లేచి, ఆ ముప్పై అడుగులు నడిచి, కాటా ఆయన గుమ్మంలో నిలబడి, "పది నిమిషాలు ఆపుతావా?" అని అడగాలి. ఆయన ఆపేవాడే. సంతోషంగా ఆపేవాడు. పదహారేళ్ళలో వాళ్ళు నా గుమ్మానికి వచ్చారు, నేను వాళ్ళ గుమ్మానికి వెళ్ళలేదు. కిటికీలోంచి చూస్తూ ఒక లారీ పోనీ అనుకున్నాను. అది పోయింది. రెండోది పోనీ అనుకున్నాను. మూడోది కూడా పోయింది, అప్పుడు నాలుగోది వచ్చింది. ఐదుసార్లు లేచిన మెషిను ఆరోసారి లేవదా అనుకుని డబ్బా తెరిచి పెరుగన్నం తిన్నాను.

శుక్రవారం తొమ్మిదికి ముదలాళి వచ్చారు. చెప్పులు వరండాలో విడిచి, నాకు నమస్కారం పెట్టి, కాటా గదిలోకి వెళ్ళి మెయిన్ స్విచ్చి ఎత్తారు. ఫ్యానులు తిరిగాయి. నా గదిలో మెషిను బీప్‌మంది. నేను వరండాలో నిలబడ్డాను. కాటా మీద పెసల లారీ ఉంది. కాటా ఆయన బటను నొక్కి తెర వైపు చూశాడు. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉంది. తిరిగింది, తిరిగింది. ఆయన అలవాటు కొద్దీ నా వైపు చూసి, "సార్, లై..." అని, ముదలాళి ఉన్నారని గుర్తొచ్చి ఆగిపోయాడు.

ఐదు నిమిషాలు చూశాం.

"లోపలికి పోయి ఏమైందో చూడండి, అణ్ణాచ్చి. రూటు మాత్రం వేయకండి."

వెళ్ళి చూశాను. మెషిను రాసిపెట్టుకున్న చిట్టాలో అంతా ఉంది. విరుదునగర్ లైనుకు గోడ మీద ఒక మోడెం పెట్టె ఉంటుంది. నేను కీబోర్డు నుంచి రీస్టార్టు చేసిన ఐదుసార్లూ ఆ పెట్టె వెలుగుతూనే ఉంది, దానికి కరెంటు పోలేదు. మెయిన్ దించితే అదీ ఆరిపోతుంది. మెషిను నిమిషంలో లేస్తుంది, ఆ పెట్టె లేవడానికి రెండు నిమిషాలు. మెషిను లేచింది, నా ఫైలు నడిచింది, అవతల లైను లేదు, రూటు పడలేదు, ఫైలు తన పని అయిపోయిందనుకుంది. తరువాత పెట్టె మీద పచ్చదీపం వెలిగింది. అప్పటికి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

ముదలాళి ఫోను తీసి విరుదునగర్ ఆవిడకు కలిపి, స్పీకరు పెట్టి నా బల్ల మీద పెట్టారు. ఆవిడ తమిళంలో నమస్కారం చెప్పింది. ఏం జరిగిందో ఆయన చెప్పారు. ఆవిడ తెలుగులోకి మారింది. ముదలాళికి తెలుగు రాదు.

"అణ్ణా, మెయిన్ దించి చూడలేదా?"

"లేదు."

"ఏల?"

"అడగాలి కదమ్మా."

గదిలో ముదలాళి, కాటా ఆయన, ఒక డ్రైవరు ఉన్నారు. వాళ్ళకు ఆ మాటలు పని మాటల్లాగే వినిపించి ఉంటాయి.

"సరి. ఇప్పుడు నేను చెప్తా, మీరు రాస్తారా?"

"చెప్పు తల్లీ."

నా జీవితంలో ఎవరినైనా చెప్పమని అడిగింది బహుశా అదే మొదలు. ఆవిడ నెట్‌వర్క్ ఫైలు తెరవమంది. తెరిచాను. రెండో కార్డు పేరు కిందకు పొమ్మంది. అక్కడ రెండు ఖాళీలు లోపలికి జరిపి, రూట్స్ అని రాయించింది. దాని కింద ఎక్కడికి, దేని మీదుగా. "ఖాళీలు లెక్కపెట్టుకోండణ్ణా, ఒకటి తప్పినా అది మూతి ముడుచుకుంటాది, మీ లెక్కనే" అంది. నేను రాసిన పాత వరుసను తీసేయించింది. మొత్తం మూడు వరుసలు.

కాటా ఆయనే వెళ్ళి మెయిన్ దించాడు, బ్యాటరీ కూడా అయిపోయి మెషిను ఆరిపోయాక ఎత్తాడు. ఈసారి నన్ను ఎవరూ బయట నిలబడమనలేదు, నేనే నిలబడ్డాను. మెషిను లేచింది. పెట్టె ఆలస్యంగా లేచింది. అది లేచిన మరుక్షణం కాటా గదిలో ప్రింటరు కదిలిన చప్పుడు వినిపించింది. డ్రైవరు చీటీ చింపుకుని లారీ ఎక్కాడు. పెసల లారీ గేటు దాటిపోయింది. దాన్ని ఎవరూ పొమ్మనలేదు.

ముదలాళి చెప్పులు వేసుకుంటూ, "మాట ఇచ్చాను కదా, అణ్ణాచ్చి. మొదటిసారి లేవలేదు" అన్నారు.

"లేవలేదు."

"ఈ గది ఎత్తేస్తాను. మీరు విరుదునగర్ రండి. ఆమె పక్కన ఇంకో బల్ల వేయిస్తాను. ఆమె చెప్పిన పని చూసుకోండి. జీతం మారదు."

ఆయన మంచి మనసుతోనే అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. ఆలోచించేదేమీ లేదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం ఆవిడ ఫోను చేసింది. "రండణ్ణా. నేను పని చెప్పను. మీ పని మీరే చేసుకోండి, నేను ఆ పక్కకే చూడను."

"రోజూ బస్సులో అంత దూరం, నడుము ఒప్పుకోదమ్మా."

"నడుమా, దొరతనమా?"

"రెండూ ఒకచోటే ఉన్నాయి."

నవ్వింది, కానీ పూర్తిగా నవ్వలేదు. "మా నాయన మగ్గాలు నిలిపేసినాక మూడేండ్లు ఇంకొకరి షెడ్డులో కూలికి నేసిరి అణ్ణా. ఆయన వంచిన నడుము మీకంటే నేరుగానే ఉండింది" అంది. ఆ నెల చివర గది తాళంచెవి, పాస్‌వర్డు రాసిన కాగితం ఒకే కవరులో పెట్టి కాటా ఆయనకు ఇచ్చాను. ఆయన కవరు రెండు చేతులతో తీసుకున్నాడు.

మరునాడు పొద్దున నా భార్య కాఫీ గ్లాసు పెట్టి ఎదురుగా కూర్చుంది. మామూలుగా అలా కూర్చోదు.

"పొలం మాట ఎత్తుదామా అండి?"

"ఎత్తు."

"ముందరి పొలం ఆయన్ని బండిదారి అడిగితే, ఎవురికైనా కౌలుకిచ్చుకోవచ్చు. ఆయన కాదనడు. పోయిన తిరనాళ్ళలో కూడా ఆయన పెండ్లాం నాతో అనె, మీరు అడగలేదే అని. నేనైనా పొయ్యి అడగనా?"

"వద్దు."

"అయితే అడిగేది లేదు, అమ్మేదే."

"అమ్మేదే."

ఆమె గ్లాసు తీసుకుని లేచింది. కోపం లేదు. అలసట ఉంది. అది నాకు బాగా తెలిసిన అలసట.

దారి లేని పొలాన్ని వేరే ఎవరూ కొనరు. ఇద్దరు వచ్చి, రోడ్డు మీద నిలబడి చూసి, లోపలికి ఎటు పోవాలని అడిగి వెళ్ళిపోయారు. చివరికి ముందరి పొలం ఆయనే కొన్నారు. కోవిల్‌పట్టి రిజిస్ట్రారు ఆఫీసు ముందు చెట్టు కింద పత్రం రాయించాం. రాసేవాడు కలం ఆపి దారి సంగతి అడిగాడు. కొన్నాయన, "రెండూ నావే అయినప్పుడు దారి ఎందుకు?" అని నవ్వి, నా వైపు చూసి నవ్వు ఆపేశారు. నేను బల్ల మీద నిటారుగా కూర్చుని మూడు చోట్ల సంతకం పెట్టాను. తెలుగులో పెట్టాను, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

కయత్తారు వైపు మిగిలిన నాలుగెకరాల పన్నెండు సెంట్ల నల్లరేగడి, అందులో పూడిపోయిన బావితో సహా, అమ్మేశాం.